ఒక పూటకి అడిగి తెచ్చిన వాచీ

మా గురువుగారు షేక్ నాగూర్ సాహెబ్ సన్నాయిని నోటితో ఊదేవారు గాని, ప్రశ్నకు నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఎవరేం అడిగినా ముందు వాళ్లను ఎక్కడికో ఒకచోటికి పంపేవారు. అడిగినవాడి కాళ్లే వెళ్లి జవాబు తెచ్చుకోవాలని ఆయన పద్ధతి. కల్యాణి రాగం నాకెప్పుడు పట్టుబడుతుందని ఒకసారి అడిగాను. బజారుకెళ్లి పచ్చి చింతకాయలు పట్రమ్మన్నారు. అప్పుడు నడి వేసవి, పచ్చి కాయల కాలం కాదు. పేట బజారంతా గాలించి, కూరగాయలమ్మే ఆడవాళ్ల చేత నవ్వించుకుని, ఉత్త చేతులతో తిరిగొచ్చాను. "దొరకలేదా?" అన్నారు. లేదన్నాను. "సరే, సన్నాయి తియ్యి," అన్నారు. ఆ రోజుకు అదే పాఠం.

ఆయన పోయి ఐదేళ్లయింది. చిలకలూరిపేటలో ఆయన వసారా ఉన్నచోట ఇప్పుడు ఎవరెవరివో మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు. ఈ సంగతి ఆ వసారాలో జరిగిందే. గొప్ప సంగతేమీ కాదు. అయినా ఫోను తెరిచి ఏదైనా కొనబోయిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది గనక చెబుతున్నాను.

మా శిష్యుల్లో ఏడుకొండలు అందరికంటే గట్టివాడు. అప్పటికే ముప్పై దాటినవాడు, పెళ్లిళ్ల రోజుల్లో ఊపిరి సలపనంత గిరాకీ ఉన్నవాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే అక్కా బావా పెంచారు. బావ పేరు అంజయ్య. పదహారేళ్లపాటు ఏడుకొండలు సన్నాయి పక్కన అంజయ్య డోలే మోగింది. ఆ ఏడాది అంజయ్యకు కుడిచేతి నరం పట్టేసింది. డాక్టర్లు ఇక డోలు ముట్టుకోవద్దన్నారు. రామాలయంలో వచ్చే శుక్రవారం ఒక్క కీర్తనకు వాయించి, డోలు దించేస్తానన్నాడు అంజయ్య.

అంజయ్య జన్మలో వాచీ పెట్టుకున్నవాడు కాదు. "డోలు కొట్టే చేతికి వాచీ ఏందిరా, ముళ్లు ఊడి రాల్తయ్," అని నవ్వేవాడు. ఇప్పుడు ఆ చేతులకు పని లేదు. డోలు దించిన వెంటనే ఆ చేతికి తానే ఒక వాచీ పెట్టాలని ఏడుకొండలు పట్టుదల. "ఇది మళ్లీ మళ్లీ ఇచ్చేది కాదన్నా. ఒక్కసారే. నాలుగు నెలలకే ఆగిపోయే వాచీ అనుకో, బావ డోలూ ఆగిపాయె, వాచీ కూడా ఆగిపాయె అని అక్క ఏడుస్తది," అన్నాడు నాతో.

వాచీల గురించి మాకెవరికీ ఏమీ తెలియదు. అందుకని ఏడుకొండలు ఫోన్లో వెతికాడు. అందులో హైదరాబాదు కుర్రాడొకడు దొరికాడు. తెల్ల చొక్కా, వెనకాల నీలం దీపాలు, రోజుకొక కొత్త వాచీ. ఒక్కో వాచీని పెట్టెలోంచి తీసే తీరు చూస్తే, పురిటి గదిలోంచి పసిబిడ్డను తెచ్చి చూపిస్తున్నాడా అనిపించేది. "ఇది వాచీ కాదు బ్రదర్, ఒక ఫీలింగ్," అనేవాడు. ఆ వారం అతను చూపించిన వాచీ మూడు వందల మీటర్ల లోతు సముద్రంలో కూడా ఆగదట. ప్రపంచంలో ఇంతకు మించినది తాను చూడలేదన్నాడు. లక్షల మంది చూశారు, వేల మంది భేష్ అన్నారు. పైగా తక్కువ ధర ఆ రోజు సాయంత్రం ఆరింటి దాకానే. పద్నాలుగు వాచీలే మిగిలాయని ఫోను చెబుతోంది.

ఏడుకొండలు ఆ ఫోను పట్టుకుని పొద్దున పదింటికి వసారాలోకి వచ్చాడు. గురువుగారు చాప మీద కూర్చుని సన్నాయి పీకలు గీసుకుంటున్నారు. రెల్లుతో చేసే ఆ పీకల్ని సన్నాయి కొసన పెట్టి ఊదుతారు. ఏడుకొండలు వీడియో అంతా ఆయనకు చూపించాడు.

"మూడు వందల మీటర్ల లోతా? మీ బావ ఓగేరు వాగులో కూడా దిగడు గదరా," అన్నారు గురువుగారు.

"నవ్వబాకండి గురువుగారూ. నాకు నిజంగా తెలవక అడుగుతున్నా. వాచీల సంగతి నాకు తెలవదు. తెలవనోడు తెలిసినోణ్ణి నమ్మటమేగా చేసేది? ఇంతమంది నమ్మినోణ్ణి నేను నమ్మితే తప్పేముంది?"

నాకా ప్రశ్న న్యాయంగానే తోచింది. గురువుగారికీ తోచినట్టుంది, పీక గీయడం ఆపారు. ఎటు పంపుతారా అని నేను చూస్తున్నాను.

"యజ్ఞన్న పంతులుగారి దగ్గరకెళ్లి, ఆయన చేతి వాచీ ఒక పూటకి నేను అడిగానని చెప్పి పట్రా. వీణ్ణి కూడా తీసుకపో," అని నన్ను చూపించారు.

యజ్ఞనారాయణ గారు రామాలయం వీధి పురోహితులు. ఆ చుట్టుపక్కల మేము మేళం వాయించిన పెళ్లిళ్లలో సగం ఆయన చేయించినవే. ఊళ్లో వాచీ ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల నుంచీ ఆయన చేతికి అదే వాచీ. అప్పట్లో టైమెంతయిందండీ అని దారిన పోయేవాణ్ణి ఆపి అడగడం తప్పు కాదు. అదొక పలకరింపు. ఎవరి వాచీ ముందు నడుస్తుందో, ఎవరిది వెనక నడుస్తుందో ఊరందరికీ తెలుసు. బండి పదింటికి అంటే, "పంతులుగారి పదా, బస్టాండు పదా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఒకే టైము ఉంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. నాకు ఆ రోజులే బాగుండేవి, దాచుకోవడం ఎందుకు?

మేము వెళ్లేసరికి పంతులుగారు అరుగు మీద దర్భలు కట్టలు కడుతున్నారు. సంగతి చెప్పాం. ఆయన మొహం ఒక్కసారి అదోలా అయింది.

"వాచీనా? నా వాచీ ఎందుకయ్యా నాగూరుకు?"

"తెలవదండి. ఒక్క పూటకే అన్నారు."

అడిగింది నాగూర్ సాహెబ్. ముప్పై ఏళ్లు పక్కపక్కన నిలబడి పని చేసిన మనిషి. కాదనలేక పంతులుగారు బెల్టు విప్పడం మొదలుపెట్టారు. విప్పుతూ మాట్లాడటం కూడా మొదలుపెట్టారు.

"జాగ్రత్తగా వినండి. ఇది రోజుకు మూడు నిమిషాలు ముందుకు పోతుంది. మధ్యాహ్నానికి రెండు పోతుంది, రాత్రికి ఒకటే. ఎందుకో నాకూ తెలీదు. కీ పద్దెనిమిది చుట్లు తిప్పాలి, ఇంకొక్కటి తిప్పారో, అలిగి కూర్చుంటుంది. కుడిచేతికి పెట్టుకుంటే నడవదు. మా తమ్ముడు పెట్టుకు చూశాడు, గంటలో ఆగింది. వానాకాలం అద్దం లోపల చెమ్మ పడుతుంది, పొయ్యి దగ్గర కాసేపు ఉంచితే పోతుంది, మరీ దగ్గర పెట్టకండి. తొమ్మిది దగ్గర ముల్లు కాస్త తట్టుకుంటుంది. అప్పుడు ఇలా, వేలితో ఒక్కటి కొట్టాలి. గట్టిగా కాదు."

"ఇన్ని బాధలున్న దాంతో ముహూర్తాలెట్టా పెట్టారు పంతులుగారూ?" అని ఏడుకొండలు ఉండబట్టలేక అడిగేశాడు.

"దాని బాధలన్నీ నాకు తెలుసు కదయ్యా. ఒక్క ముహూర్తం తప్పలేదు," అన్నారు పంతులుగారు కాస్త కోపంగా.

వాచీ చేతి మీంచి ఊడి వచ్చింది. ఎండకు నల్లబడ్డ ఆ ముంజేతి మీద, వాచీ ఉన్నంత మేరా చర్మం తెల్లగా, పసివాడి ఒంటిలా ఉంది. పంతులుగారు రెండో చేత్తో అక్కడ ఒకసారి తడుముకున్నారు. తుండుగుడ్డ కొస చించి అందులో చుట్టి ఇచ్చారు. సాధారణంగా ఏడుకొండలు బండి ఎక్కితే వెనక కూర్చున్నవాడికి ప్రాణం గుప్పెట్లో ఉంటుంది. ఆ రోజు మాత్రం రామాలయం వీధి నుంచి వసారా దాకా సైకిలు వాళ్లు కూడా మమ్మల్ని దాటిపోయారు.

గురువుగారు వాచీని చాప మీద పెట్టించారు. దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు, తిప్పి చూడలేదు. మళ్లీ పీకలు గీసుకోవడం మొదలుపెట్టారు. ఏడుకొండలు ఫోను టింగుమంది. తొమ్మిదే మిగిలాయట. అతను నా మొహం చూశాడు, నేను గురువుగారి మొహం చూశాను.

అరగంట కాలేదు, వీధి మలుపులో గొడుగు కనిపించింది. గొడుగు కింద యజ్ఞన్న పంతులుగారు, చెమటలు కక్కుతూ.

"ఊరికే ఇటు వచ్చాను నాగూరూ. ముక్కోటి ఏకాదశికి మేళం సంగతి మాట్లాడుకుందామని."

"రాండి పంతులుగారూ, కూర్చోండి. దానికింకా ఐదు నెలలుంది గదండీ?"

"ముందే అనుకుంటే మంచిది కదా," అని చాప కొసన కూర్చున్నారు పంతులుగారు. మేళం గురించి రెండు మాటలు మాట్లాడారు. మూడో మాటకి చూపు వాచీ మీద పడింది. "అలా వెల్లకిలా పెట్టారేమిటి? కాసేపయితే వెనకబడుతుంది. పక్కకు ఒరిగించి పెట్టాలి," అని చెయ్యి చాచబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. అడిగి తెచ్చుకున్నవాళ్ల దగ్గర ఉన్న వస్తువు ముట్టుకోకూడదన్న మర్యాద ఒకటి. మంచినీళ్లు తాగారు. ఎండ గురించి మాట్లాడారు. మళ్లీ వాచీ వైపు చూశారు. ఆ పెద్దమనిషి అవస్థ చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఎందుకో కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

"పెట్టేసుకోండి పంతులుగారూ. మా పని అయిపోయింది," అన్నారు గురువుగారు.

"అప్పుడేనా? పూట అన్నారుగా," అంటూనే పంతులుగారు బెల్టు బిగించేశారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తృప్తిగా తల ఊపి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ముక్కోటి మేళం సంగతి తేలనేలేదు.

ఏడుకొండలు ఆ సాయంత్రం ఆ వాచీ కొనలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. గురువారం నరసరావుపేట వెళ్లి, గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన కొట్లో కూర్చున్నాడు. అద్దాల బీరువాలో వాచీల వంక చూడకుండా, "పెద్దాయనా, మీ చేతికున్న వాచీతో మీకేం ఇబ్బంది?" అని అడిగాడట. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, ముప్పావుగంట తన వాచీని తిట్టాడట. అదే రకం వాచీ కొనుక్కుని వచ్చాడు ఏడుకొండలు. శుక్రవారం కీర్తన అయ్యాక అంజయ్య డోలు దించాడు. ఏడుకొండలు ఆయన చెయ్యి పట్టుకుని వాచీ పెట్టాడు. బెల్టు బిగించడానికి చాలాసేపు పట్టింది. అంజయ్య ఇప్పుడు కనబడితే చాలు, "మా ఏడుకొండలు కొన్నాడు చూడు, పొద్దున్నే రెండు నిమిషాలు వెనక. బెల్టు కరుస్తది. ఆదివారం కీ మర్చిపోతే సోమవారం దాకా మూతి ముడుచుకోనుంటది," అని ముంజెయ్యి చాపి చాడీలు చెబుతాడు. నిద్రలో కూడా తియ్యడని అక్క గోల.

ఇదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం పంతులుగారి గొడుగు మలుపు తిరిగాక, గురువుగారు ఏడుకొండలు చేతిలో ఫోను వంక చూశారు. అందులో ఆ హైదరాబాదు కుర్రాడు ఇంకా వాచీ పొగుడుతూనే ఉన్నాడు.

"ఆ అబ్బాయిని కూడా ఒక పూటకి అడగరాదంట్రా? చేతిది."

"అడిగే పనే లేదండి," అన్నాడు ఏడుకొండలు. "వీడియో కింద పేరు రాసినోళ్లలో ఒకళ్లకి ఆయనే ఇచ్చేస్తానన్నాడు."

"చేతికున్నదేనా?"

"చేతికున్నదేనండి. ఊరికేనే. తిరిగి ఇయ్యక్కర్లేదు కూడా."

గురువుగారు చేతిలో పీక కింద పెట్టారు. తర్వాత, నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగారు.

"ప్రపంచంలో అంతకు మించింది లేదన్నాడే. మరి వదిలిపెట్టటానికి మనసెట్టా ఒప్పిందిరా ఆ అబ్బాయికి?"