బావి తవ్వేవాడి గాలిపటం

అనగనగా ఒక ఊళ్ళో రాక్షస నామ సంవత్సరం వచ్చింది. అది ఎండాకాలం. అంతకుముందు రెండేళ్ళుగా వాన లేదు. ఊరి బావిలో నీళ్ళు ఇంకో నెలకి వస్తాయో రావో అన్నట్టున్నాయి. అప్పుడు ఊరివాళ్ళు కొత్త బావి తవ్వమని చెంచయ్యని పిలిపించారు.

చెంచయ్య అప్పటికే ముప్పై బావులు తవ్వినవాడు. అతనికి తోడు భార్య మారెక్క, బావమరిది ఓబన్న వచ్చారు. చెంచయ్య గంపలో కూర్చుంటే వాళ్ళిద్దరూ గిలక మీద తాడు వదిలి కిందికి దింపేవాళ్ళు. అతను తవ్విన మట్టి గంపకెత్తితే పైకి లాగేవాళ్ళు.

రోజూ పొద్దున దిగేముందు ఒక పని ఉంటుంది నాన్నా. బుడ్డి దీపం వెలిగించి, దారం కట్టి బావిలోకి వదలాలి. అడుగున దీపం వెలుగుతుంటే మనిషి దిగొచ్చు. ఆరిపోయిందంటే లోపల చెడుగాలి ఉన్నట్టు, ఎవరూ దిగకూడదు. ఆ పని చెంచయ్య ఇంకొకరిని చెయ్యనిచ్చేవాడు కాదు.

సాయంత్రం ఎండ తగ్గగానే అతను పైకొచ్చి, ఒంటిమీద మట్టైనా కడుక్కోకుండా ఊరి పక్క గుట్టెక్కి గాలిపటం ఎగరేసేవాడు. ఒక గంటసేపు. నలభై దాటిన మనిషి కదా, పిల్లలు నవ్వేవాళ్ళు. నేను కనకుండానే నాకో కొడుకున్నాడని మారెక్క కూడా నవ్వేది. అతను పట్టించుకోకుండా పటం ఎగరేసుకునేవాడు. చీకటి పడ్డాక దిగొచ్చి, కడుపునిండా తిని, పడుకోగానే నిద్రపోయేవాడు.

ఊరిపెద్ద గంగిరెడ్డికి ఇది నచ్చలేదు. మొదటిసారి, ఆ గంట కూడా తవ్వమని కబురంపాడు. చెంచయ్య వినలేదు. రెండోసారి తనే గుట్టెక్కి వచ్చాడు.

"ఏమప్పా చెంచయ్యా, ఊరు నాలుక తడుపుకోడానికి నీళ్ళు లేక ఏడుస్తుంటే నీకు పటాలాటా?" అన్నాడు.

"పగలంతా తాడు నన్ను కిందికి దింపుతుంది సామీ. ఈ గంటసేపు దారం నన్ను పైకి లాగుతుంది. అంతే," అన్నాడు చెంచయ్య.

మూడోసారి గంగిరెడ్డి ఊళ్ళో దూడలన్నిటినీ తోలుకొచ్చి గుట్ట కింద నిలబెట్టాడు. అవి ఎండిన నాలుకలు బయటపెట్టి పైకి చూశాయి. చెంచయ్య దారం చుట్టేశాడు. గాలిపటం మారెక్క చేతికిచ్చి, తామున్న ఇంట్లో అటక మీద పెట్టెయ్యమన్నాడు.

దూడలేమయ్యాయా? ఉండు, చెప్తాగా.

ఆ తర్వాత మొదటిరోజు చీకటి పడేదాకా తవ్వాడు. పడుకుంటే నిద్ర రాలేదు. కళ్ళు మూసినా బావి గోడే కనిపించింది. రెండోరోజు కూడా అలాగే తవ్వాడు. అన్నం సగంలో వదిలేశాడు. తాడు సరిగా వదల్లేదని ఓబన్నని తిట్టాడు. ఓబన్న తాడు బాగానే వదిలాడు.

మూడోరోజు పొద్దున వచ్చి, నేరుగా గంపలో కూర్చుని దిగిపోయాడు. పది నిలువుల లోతు. అప్పుడు మారెక్క తల తిప్పి చూస్తే, గిలక గుంజకున్న మేకుకి బుడ్డి దీపం వేలాడుతోంది. తాకి చూసింది. చల్లగా ఉంది.

"మామా, దీపం దింపావా?" అని బావిలోకి అడిగింది.

బదులు రాలేదు. ఆమె కేకలకి ఊరివాళ్ళందరూ పరిగెత్తుకొచ్చారు. ఓబన్న మూతికి తడిగుడ్డ కట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగాడు. చెంచయ్యని గంపలో వేసి పైకి లాగించాడు, తనూ బయటపడ్డాడు. చెంచయ్య బతికాడు. కానీ స్పృహ తప్పి బండమీద పడినప్పుడు కుడిభుజం విరిగింది.

భుజం అతుక్కోడానికి నలభై రోజులు పట్టింది. ఆ ఏడు ఎక్కడ చూసినా కరువే కాబట్టి, బావి తవ్వేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు. పాత బావి ఎండిపోయింది. రోజుకో గంట కలిసొస్తుందనుకున్న ఊరు, రెండు కోసుల దూరం నుంచి నలభై రోజులు నీళ్ళు మోసింది. గంగిరెడ్డి కూడా కావడి ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత చెంచయ్య మళ్ళీ దిగాడు. గడ్డపార ఓబన్న పట్టాడు, ఎక్కడ తవ్వాలో చెంచయ్య చూపించాడు. పొద్దు వాలగానే గంగిరెడ్డే వచ్చి బావిలోకి వంగి, ఇక చాలు, పైకి రమ్మన్నాడు. అటక మీది గాలిపటం తెప్పించి తనే గుట్టెక్కాడు. చెంచయ్య చెయ్యి పైకి లేవదు కదా, పటాన్ని ఎవరో ఒకరు ఎత్తి వదలాలి. గంగిరెడ్డి వదిలాడు, చెంచయ్య ఎడమచేత్తో దారం పట్టాడు. అలా పదకొండో రోజున నీళ్ళు పడ్డాయి.

దీపం బావిలోకి,
పటం గాలిలోకి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్దట్లోకి.

ఆ, దూడలా? ఆ నలభై రోజుల్లో పద్నాలుగు చచ్చిపోయాయి నాన్నా. మూడు మిగిలాయి.