ఫకీరు తాత కట్టిన తాయెత్తు

ఓబులేసు జైల్లో పడి నాలుగు నెల్లయింది. నేరం రుజువు కాలేదు, శిక్షా పడలేదు. కేసు నడస్తా ఉంది, అంతే.

వచ్చిన దినమే హెడ్డువార్డరు కులమేందిరా అని అడిగినాడు. చెప్పినాడు. ఆ పొద్దు నుంచీ మరుగుదొడ్లు కడిగే పని వానిదే. బ్యారక్కులో అరవై మంది ఉండారు, వంతు మాత్రం మారదు. అన్నం పెట్టేటప్పుడు కూడా గరిటె వాని పళ్ళేనికి తగలకుండా పైనుంచి ఇసిరేస్తారు.

చెప్పుకునేదానికి దారి ఒకటుంది. నెలకొక తూరి జడ్జమ్మ వస్తాది. ఖైదీలనంతా బయట జోడీ జోడీగా గొంతుకూర్చోబెడతారు, తల వంచుకోని. ఎవురికన్నా కష్టముందా అని ఆయమ్మ అడుగుతాది. ఉన్నోడు లేచి నిలబడాల. ఆయమ్మ ఎనకాలే హెడ్డు నిలబడుంటాడు.

పోయిన్నెల నాగముని లేచినాడు. వానిదీ ఇదే కష్టం. జడ్జమ్మ రాసుకోని పోయింది. ఆ కాగితం యాడ తిరుగుతా ఉందో ఏమో, నాగముని మాత్రం ఒంటిగదికి పోయినాడు. నడిచిపోయినోణ్ణి పన్నెండు దినాలకు మోసుకొచ్చినారు. ఇప్పుడు తాళాల సప్పుడైతే చాలు, గోడ దిక్కుకు తిరుక్కుంటాడు పాపం.

అదే బ్యారక్కులో దస్తగిరి తాత అని ముసలి ఫకీరు ఉండె. దర్గా కాడ కొట్లాటయితే అందర్తో పాటు తోలుకొచ్చినారు. ఓబులేసు ఆయప్ప దగ్గర చేరినాడు. కాళ్ళు పిసికేది, చెప్పింది వినేది. వానికి గురువన్నా దేవుడన్నా ఆయప్పే.

ఒక దినం అడిగినాడు. "తాతా, మా పల్లెలో పిల్లోళ్ళు జడుసుకుంటే నీ మాదిరి సాయిబులే తాయెత్తు కడతారు. నాకూ ఒకటి కట్టు. రేపు జడ్జమ్మ వస్తాది. లేయాలని ఉంది. నాగముని గుర్తుకొస్తే జడుపైతా ఉంది."

"యాడికి కట్టమంటావు?"

"జబ్బకు."

"ఈడ రేకూ లేదు, దారమూ లేదు," అని తాత నవ్వినాడు. "కానీలే, రేపు కడతా."

తెల్లారింది. తాత ఏమీ కట్టలేదు. మర్చిపోయినాడు ముసలాయప్ప అనుకున్నాడు ఓబులేసు.

తాతకు మోకాళ్ళు అరిగిపోయినాయి. గొంతుకూర్చునే పని లేదని డాక్టరు చీటీ ఇచ్చినాడు. ఎప్పుడూ అరుగు మీద కాళ్ళు సాపుకోని ఉంటాడు. ఆ పొద్దు అరుగు దిగి, గోడ పట్టుకోని, అల్లా అల్లా అనుకుంటా వచ్చి ఓబులేసు పక్కన కూలబడినాడు.

"ఏం సాయిబూ, కొత్త మోకాళ్ళు వచ్చినాయా?" అన్నాడు హెడ్డు.

"ఈ పూటకు అద్దెకు తెచ్చుకున్యా సార్."

జడ్జమ్మ వచ్చింది. అడిగింది. ఒక్కడు కదల్లేదు. ఓబులేసు తల వంచుకునే ఉండాడు. నేల మీద హెడ్డు బూట్లు కనపడతా ఉండాయి.

"లేపు నాయనా," అన్నాడు తాత. "నా అంతకు నేను లేయలేను."

ముసలాయప్ప అడిగినాడని వాడు లేచి చంకలో చెయ్యేసి లేపినాడు. లేపినాక చూసుకుంటే, అంతమందిలో నిలబడిండేది ఇద్దరే.

"ఏం పెద్దాయనా, మీకేం కష్టం?" అనింది జడ్జమ్మ.

"నాకేం లేదు తల్లీ." తాత ఓబులేసు చెవి కాడ మెల్లగా అన్నాడు. "కూర్చోవాలంటే కూర్చో. నన్ను లేపేకి లేచినాడని చెప్తాలే."

తాత వాని జబ్బ గట్టిగా పట్టుకోనుండాడు. ఆ చెయ్యి అదురుతా ఉంది. మోకాళ్ళ నొప్పేమో అని మొగం చూసినాడు ఓబులేసు. నొప్పి కాదు. తాత కూడా ఆ బూట్ల దిక్కే చూస్తా ఉండాడు.

"కష్టం నాకుంది మేడం," అన్నాడు ఓబులేసు. మరుగుదొడ్ల మాట చెప్పినాడు, అన్నం మాట చెప్పినాడు. నాగముని మాట కూడా చెప్పినాడు.

ఆయమ్మ రాసుకుంది. పోయింది. గేటు మూసినారు. హెడ్డు పక్కకొచ్చి, గొంతులో కోపమే లేకుండా, "సాయంత్రం తలల లెక్కకు వస్తావు గదా," అని పోయినాడు.



పొద్దు వాలినాక లెక్కకు విజిలేసినారు. వాడు పోయి గొంతుకూర్చున్నాడు. వాని పక్కన జోడీ కూర్చునేకి ఎవురూ రాలేదు. దూరం నుంచి బూట్ల సప్పుడు వస్తా ఉంది. అంతలో పక్కన అల్లా అల్లా అని మూలుగు. తాత.

"నీకు చీటీ ఉంది గదా తాతా. అరుగు మీదికి పో. నీకెందుకు ఇది?"

తాత వాని జబ్బ పట్టుకున్నాడు. చెయ్యి పొద్దున మాదిరే అదురుతా ఉంది.

"ఒక్క పూట కట్టి విప్పేసేదాన్ని తాయెత్తంటారా నాయనా?"