కట్ట ఎక్కిన తిప్పక్క

అనగా అనగా, మా అవ్వకు అవ్వ ఇంకా పుట్టని కాలంలో, గుట్టల నడుమ ఓ ఊరు. ఊరికి ఒక్కటే చెరువు. చెరువు నిండితే అన్నం, తెగితే వలస.

ఆ ఊళ్లో తిప్పక్క అని ఒకామె. నా అన్నవాళ్లు లేరు. తెల్లారితే మట్టితట్ట, పొద్దుగూకితే మట్టితట్ట. కట్ట కింద మట్టి దించాలి, వెనక్కి రావాలి. పైన మాత్రం కాలు పెట్టకూడదు. ఆడది ఎక్కితే కట్టకు మైలట! ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. మట్టి మోసేది ఊళ్లోని ఆడవాళ్లంతా, కట్ట మీద ఉండేది మేస్త్రీతో కలిపి నలుగురు మగవాళ్లు. ఆ నలుగురే మట్టిని కుప్పలు పోసి, పారతో నాలుగు దెబ్బలు కొట్టి, అయిందనిపించేవాళ్లు.

ఒక ఏడు వాన వచ్చింది, కట్ట తెగింది. మళ్లీ పోశారు. రెండో ఏడు వాన వచ్చింది, కట్ట తెగింది. మళ్లీ పోశారు. మూడో ఏడూ వాన వచ్చింది, కట్ట తెగింది. ప్రతిసారీ అదే చోట గండి.

ఊరిపెద్ద కంబగిరప్ప తల పట్టుకున్నాడు. "కట్ట మనిషిని అడుగుతాంది. గండిలో ఒకర్ని పెట్టి మట్టి పొయ్యాల" అన్నాడు. ఎవర్ని పెట్టాలి? వెనకాముందూ ఎవరూ లేనిదాన్ని. అందరి కళ్లూ తిప్పక్క మీద పడ్డాయి.

చావంటే ఎవరికి భయం ఉండదు? తిప్పక్క తన గుడిసెలో గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆ గోడను తడిమింది. అదీ కట్టకు పోసే మట్టే. మూడు వానలకీ తడిసింది. అయినా చెక్కు చెదరలేదు. గోడ పెట్టేటప్పుడు ఆ మట్టిని పొరపొరకూ తన కాళ్లతోనే తొక్కింది మరి.

మర్నాడు పసుపు పూసి, డప్పులు కొట్టి, ఆమెను గండిలోకి దించారు.

"అప్పా, ఒక్క మాట" అంది తిప్పక్క. "మట్టి ఒక్కసారే కుమ్మరించొద్దు. ఒక పొర పొయ్యండి, నీళ్లు చల్లండి. నేను తొక్కినాకే ఇంకో పొర పొయ్యండి."

చచ్చేదాని కోరిక, కాదంటే పాపం. కంబగిరప్ప సరేనన్నాడు.

పొర పోశారు, తొక్కింది. పొర పోశారు, తొక్కింది. అంత గండికి రెండు కాళ్లు ఎక్కడ సరిపోతాయి? తొక్కి తొక్కి అలిసి పడిపోయింది. అప్పుడు తట్ట మోస్తున్న సుంకులమ్మ, చంటిపిల్ల తల్లి, తట్ట విసిరేసి గండిలోకి దూకింది.

"ఏయ్, మైల! కట్టకు మైల!" అని అరిచాడు మేస్త్రీ.

"పూడ్చేదానికి లేని మైల, తొక్కేదానికి యాడిదప్పా?" అంది సుంకులమ్మ.

ఒకామె దిగింది. ఇంకొకామె దిగింది. ఊళ్లో తట్ట మోసే ఆడవాళ్లంతా దిగి తిప్పక్కను లేపారు. పొర పోశారు, తొక్కారు. పొర పోశారు, తొక్కారు. డప్పు వాయించేవాడు కూడా చావు దెబ్బ మాని అడుగుల దెబ్బ కొట్టాడు. గండి పూడుతున్నకొద్దీ తిప్పక్క పైకి లేస్తోంది. ముందు తల కనిపించింది, తర్వాత భుజాలు. చివరికి కట్ట మీద నిలువెత్తు తిప్పక్క! ఇంక పూడ్చడానికి గుంత ఎక్కడుంది?

అంతలో వాన. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. ఊరంతా గుట్ట ఎక్కింది. తిప్పక్క మాత్రం గండి పూడ్చిన చోటే నిలబడింది. "తెగితే నాతోనే తెగనీ" అంది. నీళ్లు కట్ట అంచుకు వచ్చాయి. ఆమె కాలివేళ్లను తడిపాయి. అక్కడే, ఆమె కాళ్ల దగ్గరే, నీళ్లు ఆగిపోయాయి.

వాన వెలిశాక కంబగిరప్ప వచ్చి చేతులు జోడించాడు. "మేస్త్రమ్మా" అన్నాడు. ఆ గుట్టల నడుమ ఆ మాట ఒక ఆడమనిషికి దక్కడం అదే మొదలు.

తర్వాత ఏ ఊళ్లో కట్ట తెగినా తిప్పక్కకు కబురు వచ్చేది. సుంకులమ్మనూ మిగతావాళ్లనూ వెంటేసుకుని వెళ్లేది. వాళ్లలో ఎందరో మేస్త్రమ్మలయ్యారు. తిప్పక్క పండు ముసలిదై, మంచం మీద హాయిగా పోయింది.

ఇప్పటికీ ఆ వైపు చెరువుకట్ట వేసినా, ఇంటికి పునాది వేసినా, మొదటి పొరను ఒక ఆడమనిషి వట్టి కాళ్లతో తొక్కాల్సిందే. "తిప్పక్కా, తొక్కుదువు రా!" అని అందరూ పిలిచాకే రెండో తట్ట పోస్తారు. ఆ చెరువు దగ్గరికి వెళ్లిన పిల్లలు అడుగుతారు, "ఈ కట్ట కింద ఎవర్ని పెట్టినారవ్వా?" అని.

"కింద ఎవురూ లేరు నాయనా" అంటారు అవ్వలు. "పైకెక్కి నిలబడు. ఆయమ్మ నిలబడింది ఆడే."