రేలకు కనబడని చిరిగిన చెవి

ఎర్రమట్టి గుట్ట మీద ఒక జింకల మంద ఉండేది. పగలంతా తల్లులు గుట్ట పైన మేసేవి, పిల్లలు కింద పొదల మాటున ఉండేవి. పొద్దు వాలగానే తల్లులు వరసగా దిగి వచ్చేవి. అప్పుడు పదకొండు పిల్లల్లో పది, తమ తల్లుల్ని దూరం నుంచే గుర్తుపట్టి పరుగు తీసేవి.

పదకొండోది రేల. దానికి కనబడేవి పదకొండు గోధుమరంగు మచ్చలే. ఏ మచ్చ అమ్మో తెలియదు. ఒకసారి తెగించి పరుగెత్తి, వేరే తల్లి పొదుగులో తల పెట్టి తన్ను తింది. అప్పటినుంచి, గాలి అమ్మ వాసన మోసుకొచ్చేదాకా కదలకుండా నిలబడేది. ఈలోగా మిగతా పదీ సగం కడుపు నింపుకునేవి.

అమ్మ ఎడమ చెవి చిరిగి ఉంటుందని రేలకు తెలుసు, పక్కనే పడుకుంటుంది గనక. ఆ చెవి ఊగుతూ గుట్ట దిగి రావడం దూరం నుంచి ఒక్కసారి చూడాలి. దాని కోరికల్లా అదే.

వానలు పడ్డాయి. పిల్లల్ని మొదటిసారి ఏరు దాటించి కొత్త గడ్డికి తీసుకెళ్ళే రోజులు. దాటేముందు గద్ద డాక్టరమ్మ వచ్చి పిల్లల కళ్ళు పరీక్షించడం ఆ మందలో ఆనవాయితీ. తెల్లటి బెరడు పలక మీద బొగ్గుతో గీసిన ఏడు కొమ్ములుంటాయి. ఇరవై అంగల దూరంలో నిలబడి, ఒక్కో కొమ్ము మొన ఎటు తిరిగి ఉందో చెప్పాలి.

ముందురోజు నక్క వచ్చింది.

"ఏమే కోడలా, మొహం అలా వేలాడేశావు?"

"రేపు కళ్ళ పరీక్ష మామా. నాకేమో..."

"కనబడదు. నాకు తెలీదా? నేను నాలుగు అంగల దాకా వచ్చినా నువ్వు తల తిప్పలేదు. పరీక్ష తప్పితే ఏమవుతుందో తెలుసా? నిన్నిక్కడే వదిలేసి మంద ఏరు దాటుతుంది."

"అమ్మ కూడానా?"

"అమ్మ కూడా. అయినా మామ ఉండగా నీకేం భయం? పలక దగ్గరికెళ్ళి చూసొచ్చా. బట్టీ పట్టు. పైకి, ఎడమ, కుడి, కిందికి, పైకి, ఎడమ, కుడి."

రేల గడ్డి మానేసి ఆ ఏడు మాటలే నెమరేసింది. నక్క అటునుంచి అటే ఏరు దాటి, కొత్త గడ్డిలో చోటు చూసుకుంది. ఎదురుగా ఉన్నా తనను చూడలేని కూన దానంతట అదే నడిచి రాబోతోంది మరి!

పరీక్ష రోజు పలక పక్కన వడ్రంగిపిట్ట కూర్చుంది. ముక్కుతో టక్కున కొట్టి కొమ్మును చూపించడం దాని పని.

"మెల్లగా కొట్టవయ్యా, అది పలక, చెట్టు కాదు," అని గద్ద డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది. పదో పిల్ల వంతు అయ్యేసరికి పలక ఊడి కింద పడనే పడింది. పిట్ట కంగారుగా ఎత్తి తగిలించింది.

రేల వచ్చి నిలబడి గడగడా అప్పజెప్పింది. "పైకి, ఎడమ, కుడి, కిందికి, పైకి, ఎడమ, కుడి."

"నేనింకా ఒక్కటే కొట్టాను!" అంది పిట్ట.

"ఏడింట్లో ఒక్కటీ సరిపోలేదే," అని గద్ద పలకకేసి చూసింది. "ఓరి నీ తెలివి తెల్లారా! పలక తలకిందులుగా తగిలించావు. రేలా, ఇటు రా. నువ్వు చెప్పింది, పలక పడకముందైతే ఏడుకి ఏడూ సరే. ఎవరు నేర్పారు?"

రేల కళ్ళ నిండా నీళ్ళు. "నక్క మామ. తప్పితే నన్ను వదిలేస్తారన్నాడు."

"పిచ్చిదానా, వదిలేయడానికా ఈ పరీక్ష? నీలాంటి పిల్ల ఎక్కడుందా అని వెతకడానికే ఇంత దూరం ఎగిరొచ్చాను. ఇప్పుడు నిజం చెప్పు. ఏం కనబడుతోంది?"

"తెల్లగా ఉంది. అంతే."

"ఇంకా?"

"సాయంత్రం అమ్మ కనబడదు."

గద్ద ఏట్లో అరిగిన గాజురాళ్ళు జతలు జతలుగా రేల కళ్ళకు అడ్డుపెట్టింది. "ఇది బాగుందా? ఇదా?" ఆరో జతకి రేల మెడ ముందుకు చాచింది. "పిట్ట మామకి నెత్తి మీద ఎర్ర టోపీ ఉందా!"

ఆ జతకి, గూళ్ళు అల్లే గిజిగాడు గరికతో చట్రం అల్లిపెట్టాడు.

మర్నాడు మంద ఏరు దాటింది. తల్లులు పై గట్టుకు వెళ్ళాయి, పిల్లలు దిగువన ఉన్నాయి. గడ్డిలో పొట్ట ఆనించి నక్క దగ్గరికొచ్చింది. ముప్పై అంగలు. ఇరవై అయిదు.

"మామా," రేల గట్టిగా పిలిచింది. "గడ్డి పైన నీ రెండు చెవులూ కనబడుతున్నాయి. ఎడమ దానికి పల్లేరుకాయ అంటుకుంది, తీసుకో."

దగ్గర్లో కాపలా ఉన్న పోతుజింకలు కొమ్ములు వంచి దూకాయి. నక్క ముళ్ళపొదలో పడింది.

పొద్దు వాలింది. గట్టు మీద పదకొండు మచ్చలు కదిలాయి. కానీ అవి మచ్చలు కావు. నాలుగోదానికి ఎడమ చెవి చిరిగి ఉంది, నడకకి అది ఊగుతోంది. మిగతా పిల్లలు లేచేలోపే రేల సగం దూరం పరుగెత్తింది.

"వాసన రాకుండానే ఎలా గుర్తుపట్టావే?" అంది అమ్మ.

"చెవమ్మా," అంది రేల, మూతి పాలలో ముంచి.

ముళ్ళపొదలోంచి నక్క లెక్కపెట్టుకుంది. పిల్లలు పదకొండు, తల్లుల దగ్గర పదకొండు, తన వంతుకి పల్లేరుకాయ.

కనబడనిది కనబడలేదని చెప్పిన పిల్లకే చూపు దక్కుతుంది.