కవరు విప్పని భుజంగరావు

రాజమండ్రిలో భుజంగరావు అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. ఏ కొత్త వస్తువు కొన్నా దాని కవరు విప్పడానికి అతనికి ప్రాణం ఒప్పేది కాదు. ఆ ఇంట్లో టీవీ రిమోట్ ప్లాస్టిక్ సంచిలోనే ఉండేది. సోఫా మీద దుప్పటి, ఆ దుప్పటి మాయకుండా దాని మీద ఇంకో పాత దుప్పటి. ఫ్రిజ్ తలుపుకి కంపెనీవాళ్లు అంటించిన కాగితం ఏడేళ్లయినా ఊడలేదు. అంచులు నల్లగా మడ్డి పట్టి, చూసినవాళ్లకి నవ్వొచ్చేది. "కొత్తది కొత్తగానే ఉండాలి," అనేవాడు భుజంగరావు. భార్య వకుళ మొదట్లో పోట్లాడింది. తర్వాత ఓపిక లేక ఊరుకుంది.

యాభై దాటాక భుజంగరావుకి అడవులు, కొండలు తిరగాలన్న సరదా పుట్టింది. ఒక వ్యాను కొని, అందులో మంచం, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ పెట్టించాడు. వీటికి కరెంటు కావాలి కదా. అందుకని లోపల పెద్ద బ్యాటరీ, అది ఛార్జి కావడానికి బండి కప్పు మీద సోలార్ పలకలు, బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపించే మీటరు కూడా బిగించారు.

వకుళకి ఉబ్బసం. ఆయాసం ముదిరితే మందు ఆవిరి పట్టే మిషన్ ఉండాల్సిందే. అందుకే ఆమె ఒక్కటే అడిగింది.

"ఏమండీ, అడవిలో కరెంటు ఉండదు కదా. నా మిషన్ నడుస్తుందా?"

"మిషనేంటి, గ్రైండర్ కూడా నడుస్తుంది. పైన సూర్యుడున్నాడు, కింద నేనున్నాను," అన్నాడు భుజంగరావు.

అలా అన్నవాడు మర్నాడే దర్జీ దగ్గరికి వెళ్లి, సోలార్ పలకలకి మందపాటి ఖాకీ గుడ్డతో కవరు కుట్టించి, నాడాలతో బిగించి కట్టాడు.

"పలకల్ని మూసేస్తే ఎలాగండీ?" అంది వకుళ.

"మన డాబా మీద నీళ్లు కాచే సోలార్ లేదూ? అది వేడికే కదా పనిచేసేది. ఈ గుడ్డ మీద చెయ్యి పెట్టి చూడు, చుర్రుమంటుంది. వేడి అందుతోంది, గీతలు పడవు. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఈ పలకలకి కావలసింది వేడి కాదు, వెలుతురని అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

మార్చి నెలలో ఇద్దరూ మారేడుమిల్లి దాటి, అడవిలో ఒక వాగు ఒడ్డున బండి ఆపారు. నీళ్ల చప్పుడు, పిట్టల కూతలు తప్ప ఏమీ లేదు. భుజంగరావు పొద్దున లేవగానే మీటరు చూసేవాడు. నాలుగు గీతలు నిండుగా, పక్కనే నూరు అంకె. సాయంత్రం చూసినా అంతే.

"చూశావా వకుళా, ఎంత వాడినా ఒక్క గీత తగ్గలేదు," అని మురిసిపోయేవాడు. ఇంటి దగ్గర కరెంటుతో నింపుకొచ్చిన ఛార్జి అడుగంటుతోందని అతనికి తెలియదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం వాళ్లు వాగు దగ్గర్నుంచి వచ్చేసరికి ఎదురు కొండ మీద ఎవరో పోడు సాగు కోసం చెట్టూ చేమా నరికి నిప్పు పెట్టారు. పొగ గాలివాటున ఇటు కమ్మింది. వకుళ దగ్గుతూ బండెక్కింది. దగ్గు ఆయాసమైంది. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. నోటితో పీల్చే పంపు వాడింది. తగ్గలేదు.

"మిషన్..." అంది, అంతకన్నా మాట రాక.

భుజంగరావు మిషన్ తగిలించి స్విచ్ వేశాడు. చప్పుడు లేదు. వైరు కదిపాడు. లేదు. తల పైకెత్తితే ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది. మీటరు చూశాడు. నాలుగు గీతలు, నూరు. అతనికి మతి పోయింది. బ్యాటరీ నిండా ఉంటే మిషన్ ఎందుకు తిరగదు? మీటరుని బొటనవేలితో గట్టిగా రుద్దాడు. గోరు అంచుకి తగిలి పల్చటి పొర ఒకటి లేచింది. దాంతోపాటు నాలుగు గీతలూ లేచి వచ్చాయి. నూరూ లేచి వచ్చింది.

అది స్టిక్కరు. అద్దం మీద గీతలు పడకుండా కంపెనీవాళ్లు అంటించి పంపినది. ఆ అంకెలు దాని మీద అచ్చు వేసినవి. కింద అసలు మీటరు నల్లగా, చచ్చిపోయి ఉంది. ఈ మూడు రోజులూ అతను పొద్దున లేచి చూసింది ఆ స్టిక్కరునే.

అప్పుడు అతనికి పైన ఉన్న కవరు గుర్తొచ్చింది. కప్పు ఎక్కి, ముడులు రాకపోతే పళ్లతో కొరికి, ఖాకీ గుడ్డ ఊడలాగాడు. పలకలు దుమ్ము రేణువు లేకుండా మెరుస్తున్నాయి. కవరు కట్టాక వాటికి ఎండ తగలడం అదే మొదటిసారి. దిగి వచ్చేసరికి మీటరు వెలిగి, ఒక అంకె చూపిస్తోంది. సున్నా.

బ్యాటరీ నిండాలంటే పొద్దు గూకాలి. వకుళ పెదాలు అప్పటికే నీలంగా మారుతున్నాయి. ఇంజనుకి వేరే బ్యాటరీ ఉండబట్టి బండి కదిలింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వకుళ అతని చొక్కా పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ పట్టు వదులైంది. భుజంగరావు పక్కకి తిరిగి చూడలేకపోయాడు. చూస్తే తన చేతులు ఆడవని భయం వేసింది.

కొండ కింద ఊళ్లో ఆసుపత్రి దొరికింది. నర్సు ఆమె ముఖానికి మాస్కు పెట్టి, "ఇంత ఆయాసం వచ్చేదాకా ఏం చేస్తున్నారండీ? ఇది పట్టుకోండి," అంది. పట్టుకోబోతే అతని కుడి పిడికిలి విప్పుకోలేదు. వేళ్లు ఒక్కొక్కటే లాగి తెరిచాడు. లోపల నలిగిన స్టిక్కరు. దాని మీద నూరు ఇంకా నిండుగానే ఉంది. అక్కడే గోడకి చేరబడి, నర్సు ముందే చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

సాయంత్రానికి వకుళకి ఊపిరి కుదుటపడింది. అతని చేతిలోని స్టిక్కరు వంక చూసి, "దీన్ని కూడా కవర్లో పెట్టి దాస్తారా?" అని అడిగింది.

భుజంగరావు ఇంటికి వెళ్లిన రోజే అన్ని కవర్లూ విప్పాడు. ఏడేళ్ల ఫ్రిజ్ కాగితం గీకి గీకి ఊడదీశాడు. ఖాకీ గుడ్డ బండి తుడవడానికి పనికొచ్చింది.

ఏ వస్తువునైనా దాని పనికి వాడుకోవాలి. మురిపెంగా కప్పిపెట్టి ఉంచితే అది కొత్తగానే మిగులుతుంది గానీ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనల్ని ఆదుకోదు.