బోర్లా పెట్టిన ఫోన్

నాగవేణి ఆ మధ్యాహ్నం ఇక నేర్చుకోవడం మానేద్దామనే అనుకుంది. విసిగిపోయింది పాపం. ఆ స్థితిలో ఎవరైనా విసుగుతారు.

ఆమె ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. తల్లి లేని ఆమెను సాకి పెద్దచేసిన అక్క సుభద్రమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒక పక్క కాలూ చెయ్యీ కదలవు. ఆడే చేత్తో మంచం పట్టె మీద టకటకా కొడుతుంది. నాగవేణి నీళ్లు తెస్తే మొహం తిప్పుకుంటుంది. మాత్ర తెచ్చినా అంతే. ఏం కావాలో నాకెట్లా తెలుస్తుందక్కా అని నాగవేణి కసురుకోవడం, తర్వాత పెరట్లోకి పోయి ఏడవడం. రోజూ ఇదే గోల.

అందుకని ఫోన్‌లో ఒక చిన్న యాప్ చేద్దామనుకుంది. పెద్ద పెద్ద బటన్లు. ఒకటి నొక్కితే నీళ్లు అనాలి, ఇంకోటి నొక్కితే నొప్పి అనాలి. అక్కకు మళ్లీ నోరొచ్చినట్టే. వేసవి సెలవులివ్వగానే, మధ్యమధ్య అక్కను చూసిపొమ్మని పక్కింటావిడకు చెప్పి, బట్టల కొట్టు మేడ మీద కంప్యూటర్ పాఠాలు చెప్పే ఖాదర్‌బాషా సారు దగ్గర చేరింది. సారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అడిగినదానికి కూడా సగమే చెబుతారని నేర్చుకునేవాళ్లంతా సణుక్కునేవారు.

యాప్ రాయడం అయింది. కంప్యూటర్‌లో బటన్లు పలుకుతున్నాయి కూడా. ఫోన్‌లోకి మాత్రం ఎక్కదు. వైరు తగిలించి ఎప్పుడు ఎక్కించబోయినా, ఫోన్ అనుమతి ఇవ్వలేదంటూ కంప్యూటర్ తెర మీద ఎర్రక్షరాలు. రాసింది చెరిపి మళ్లీ రాసింది. వైరు మార్చింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. అన్నం వేళ దాటిపోయింది, కడుపులో ఏమీ లేదు.

"నా వల్ల కాదు సార్. ఇంటికి పోతా," అంది.

సారు లేచి వచ్చారు. ఆమె ఏం రాసిందో చూడనైనా లేదు. కంప్యూటర్ తెర ఆర్పేసి, పోయి తన కుర్చీలో కూర్చున్నారు.

ఇదేం మనిషిరా నాయనా అనుకుంది నాగవేణి. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. బల్ల మీద ఫోన్ ఒక్కటే ఉంది, బోర్లా. పాఠం చెప్పేటప్పుడు ఫోన్ బోర్లా పెట్టాలని వాళ్ల బడిలో రూలు. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా అట్లాగే పెట్టింది. తీసి తిప్పి చూసింది.

ఫోన్ వెలుగుతోంది. ఈ కంప్యూటర్‌కు అనుమతి ఇవ్వమంటావా అని అడుగుతోంది.

"ఏమంటోంది?" అన్నారు సారు, తల ఎత్తకుండానే.

"నన్నే అడుగుతోంది సార్. పొద్దున్నుంచీ అడుగుతానే ఉంది."

ఆమె సరేనని నొక్కి, తెర మళ్లీ వేసింది. యాప్ ఫోన్‌లోకి ఎక్కింది. బటన్ నొక్కితే నీళ్లు అంది. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే పాట్లు పడిన నాగవేణికి ఎందుకో సంతోషం కలగలేదు. ఫోన్ సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

ఇంటికి వచ్చేసరికి అక్క మంచం పట్టె కొడుతోంది. నాగవేణి నీళ్లకు పోలేదు. ఫోనూ తియ్యలేదు. మంచం పక్కన కింద కూర్చుని అక్క మొహం చూసింది. అట్లా చూసి ఎన్నాళ్లయిందో.

అక్క ఆమెను చూసింది. తర్వాత గోడవారనున్న స్టూలు వైపు కళ్లు తిప్పింది. పొద్దున నాగవేణి తనకోసం వడ్డించుకుని, మూతపెట్టి, మరిచిపోయిన కంచం దాని మీద అట్లాగే ఉంది. అక్క మళ్లీ చెల్లెలి వైపు చూసింది.

నాగవేణికి ఏడుపు ఆగలేదు. కంచం తెచ్చుకుని అక్క ఎదురుగా కూర్చుని తింది. రెండో ముద్దకే పట్టె మీద చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు సారు దగ్గరికి పోయి, ఇంకో బటన్ పెట్టాలి అంది. అది ఏమనాలి అని అడిగారాయన.

"తిన్నావా అనాలి సార్."

సారు ఆమె మొహం వైపు చూసి అడిగారు.

"తిన్నావా?"

"తినే వచ్చినా సార్."

"అయితే రాయి," అని సారు కీబోర్డు ఆమె వైపు జరిపారు.