ప్యాడ్లు పట్టినవాడు

గాజువాకలో డానియేలు మాస్టారి కిక్‌బాక్సింగ్ షెడ్డుకు ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవారు మూడు నెలలు తన్నకూడదు. ఎదుటివారు తన్నుతుంటే చేతులకు ప్యాడ్లు తొడుక్కుని ఆ దెబ్బలు కాచుకోవాలి. ఎందుకని అడిగితే మాస్టారు చెప్పరు. చెప్పి ఒప్పించడం ఆయనకు చేతకాదు, ఇష్టమూ లేదు.

రిజిస్ట్రారాఫీసు గుమాస్తా సన్యాసిపాత్రుడు షుగరు తగ్గించుకోవడానికి అక్కడ చేరాడు. ఈసారీ తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. సూదంటే ఆయనకు ప్రాణభయం. మూడో నెల చివర రెండు రిపోర్టులు పట్టుకుని, సంతోషించాలో ఏడవాలో తెలియని మొహంతో మాస్టారి దగ్గరకు వచ్చాడు.

“షుగరు దిగిపోయింది మాస్టారూ. ల్యాబువాళ్లు పొరబడ్డారేమోనని ఇంకోచోట కూడా చేయించాను. అక్కడా అంతే. ఇప్పుడు చేస్తున్నది మాత్రం ఆపొద్దన్నాడు డాక్టరు. నేనేటి చేస్తన్నానో నాకే తెలీదు కదా! ఒక్క తన్నూ తన్నలేదు. లాభం తన్నేవాడికి కదా రావాలి?”

మాస్టారు వెంటనే కిరీటిని పిలిచారు. అతను వేరేచోట నేర్చుకుని, పతకాలు కొట్టి, ఆ వారమే ఇక్కడికి వచ్చినవాడు. ప్యాడ్లు పట్టి ఎరగడు. వాటిని అతని చేతికిచ్చి, పాత్రుణ్ణి తన్నమన్నారు.

పాత్రుడి తన్నులు చూసి తీరవలసిందే. ఒకటి మోకాలికి పోతే ఇంకొకటి గాలికి పోయింది. వాటిని అందుకోవడానికి కిరీటి వంగాడు, లేచాడు, పక్కకు గెంతాడు, కాళ్లు బిగించి నిలబడబోయి వెనక్కి తూలాడు. రెండు రౌండ్లయ్యేసరికి ఒళ్లంతా చెమటతో తడిసి, రొప్పుతూ నేలమీద కూలబడ్డాడు.

పాత్రుడు మరింత అయోమయంలో పడ్డాడు. “నేను సరిగ్గా తన్ననే లేదు, ఇతనికేటయింది?” అంటూ, అలవాటుకొద్దీ ఆ ప్యాడ్లు తీసుకుని తన చేతులకు తొడుక్కున్నాడు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, గుండెల నిండా ఊపిరి పీల్చి నిలబడ్డాడు. అలా నిలబడ్డ సంగతి ఆయనకే తెలియదు.

“ఇంతకీ ఏటి చేస్తే తగ్గినట్టు మాస్టారూ?”

మాస్టారు ఆయనవైపు తిరగనైనా లేదు.

“లే, కిరీటీ. ఎలా నిలబడాలో ఆయన్నడుగు,” అన్నారు.